విలీనాల నీడలో సినిమా కృతి: యాజమాన్యం, లభ్యత, పాఠం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

మీడియా సంస్థల విలీనాలను సాధారణంగా వాణిజ్య వార్తలుగానే చూస్తారు. ఒక సంస్థ మరొక సంస్థలో కలిసినప్పుడు వేల సినిమాలు, ధారావాహికలు చేతులు మారతాయి. ఆ మార్పు వల్ల కృతి ఎవరిది, ఎక్కడ దొరుకుతుంది, ఏ రూపంలో దొరుకుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబులు మారిపోతాయి. హాలీవుడ్ స్టూడియోల చరిత్ర, భారతదేశంలో స్టార్–వయాకామ్18 విలీనం, తెలుగు సినిమా ప్రసార హక్కుల తీరు ఆధారంగా ఈ మూడు మార్పులను పరిశీలించడం, హక్కుల చరిత్ర సినిమా విమర్శలో భాగం కావలసిన అవసరాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విలీనం, ప్రసార హక్కులు, ఓటీటీ, పాఠం, లభ్యత, తెలుగు సినిమా.

1. ప్రవేశిక

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు మొదట అడిగే ప్రశ్న 'ప్రతి ఎక్కడ ఉంది?' అన్నది. నన్నెచోడుని కుమారసంభవం శతాబ్దాలపాటు మరుగున ఉండి, 1909లో మానవల్లి రామకృష్ణకవి ప్రకటించిన తరువాతనే సాహిత్యచరిత్రలో చర్చకు వచ్చింది. సి.పి.బ్రౌన్ ఒకే గ్రంథానికి పలుచోట్ల నుంచి ప్రతులు తెప్పించి, పండితుల చేత సరిపోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. కృతి మనుగడకు దాని గొప్పదనం ఒక్కటే చాలదని ఈ రెండు ఉదంతాలూ తెలియజేస్తాయి. ప్రతి ఎవరి దగ్గర ఉంది, దానిని ఇతరులు చూడగల ఏర్పాటు ఉందా అన్నవి కూడా ఆ మనుగడను నిర్ణయిస్తాయి.

సినిమా విమర్శ ఈ ప్రశ్నను అరుదుగా వేస్తుంది. కథ, కథనం, నటన, సంగీతం, సామాజిక నేపథ్యం మీద విస్తృతంగా చర్చ జరుగుతున్నా, సినిమా ఎప్పుడూ అందుబాటులో ఉంటుందన్న నమ్మకం ఆ చర్చకు పునాదిగా ఉంటోంది. ఓటీటీ వేదికల రాకతో ఆ నమ్మకం మరింత బలపడింది. అయితే ఓటీటీలో ప్రేక్షకుని చేతికి ప్రతి రాదు. చందా ఉన్నంతకాలం, వేదికకు హక్కు ఉన్నంతకాలం చూసే అనుమతి మాత్రమే లభిస్తుంది. ఆ వేదిక యాజమాన్యమే మారినప్పుడు కృతికి ఏమవుతుందన్నది ఈ వ్యాసంలో ప్రధాన ప్రశ్న.

2. యాజమాన్యం: స్టూడియో పేరు, సినిమా హక్కు

హాలీవుడ్ తొలి దశలో పెద్ద స్టూడియోలు సినిమా తీయడం, పంపిణీ చేయడం, సొంత థియేటర్లలో ప్రదర్శించడం అనే మూడు పనులూ తామే చేసేవి. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ గొలుసును తెంచింది. స్టూడియోలు థియేటర్లను వదులుకోవలసివచ్చింది. 1970లో వచ్చిన మరో నియమావళి టెలివిజన్ నెట్‌వర్కులు తాము ప్రసారం చేసే కార్యక్రమాల పునఃప్రసార హక్కులను సొంతం చేసుకోవడంపై పరిమితులు విధించింది. తీసేవారు, చూపేవారు వేరువేరుగా ఉండాలన్నది ఈ రెండింటి వెనుక ఉన్న సూత్రం.

తరువాతి కాలంలో ఈ సూత్రం క్రమంగా సడలింది. నెట్‌వర్కులపై పరిమితులు 1993లో తొలగడం మొదలైంది. 1996లో డిస్నీ సంస్థ ఏబీసీ నెట్‌వర్కు యాజమాన్య సంస్థను సొంతం చేసుకుంది. 2004లో ఎన్‌బీసీ, యూనివర్సల్ ఒక్కటయ్యాయి. 2019లో ట్వంటీఫస్ట్ సెంచురీ ఫాక్స్ ఆస్తులలో అధికభాగాన్ని డిస్నీ సుమారు 7,100 కోట్ల డాలర్లకు కొన్నది. 2020లో పారమౌంట్ తీర్పు ఆధారంగా అమలైన ఆంక్షలను కూడా అమెరికా న్యాయస్థానం ఎత్తివేసింది. ఓటీటీ వేదిక సొంత ఇంటిలోని థియేటర్ వంటిదనుకుంటే, 1948లో విడిపోయిన గొలుసు మరో రూపంలో తిరిగి అతుక్కున్నదని చెప్పవచ్చు.

ఈ క్రమంలో స్టూడియో పేరుకు, దాని సినిమాల హక్కుకు ఉన్న సంబంధం తెగిపోయింది. 1939 నాటి 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్' ఇందుకు చక్కని ఉదాహరణ. ఆ చిత్రాన్ని నిర్మించినది మెట్రో గోల్డ్విన్ మేయర్ (ఎమ్‌జీఎమ్). 1986లో టెడ్ టర్నర్ ఎమ్‌జీఎమ్‌ను కొని, కొద్దికాలంలోనే చాలా భాగాలను తిరిగి అమ్మివేసి, పాత చిత్రనిధిని మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు. 1996లో టర్నర్ సంస్థ టైమ్ వార్నర్‌లో కలిసింది. టైమ్ వార్నర్ 2018లో ఏటీ అండ్ టీ చేతికి వెళ్లి, 2022లో డిస్కవరీతో కలిసి వార్నర్ బ్రదర్స్ డిస్కవరీగా మారింది. అదే 2022లో అమెజాన్ సుమారు 845 కోట్ల డాలర్లకు ఎమ్‌జీఎమ్‌ను కొన్నప్పుడు ఈ చిత్రం ఆ కొనుగోలులో లేదు. ఎమ్‌జీఎమ్ సింహగర్జనతో మొదలయ్యే సినిమా ఎమ్‌జీఎమ్‌ను కొన్న సంస్థకు చెందదు.

కాబట్టి తెరమీద కనిపించే సంస్థ పేరు కృతి పుట్టుకను మాత్రమే తెలుపుతుంది. కృతి నేటి నివాసం తెలియాలంటే ఒప్పందాల చరిత్రను చదవాలి. తాళపత్ర ప్రతి మీద లేఖకుని పేరు ఒకటి ఉండగా, ప్రతి నేడు వేరొక భాండాగారంలో ఉండడం వంటిదే ఇదీ. తేడా ఏమంటే, భాండాగారానికి సూచిక ఉంటుంది. హక్కుల బదలాయింపులకు ప్రజలు చూడగల సమగ్ర సూచిక లేదు.

3. లభ్యత: ఆస్తిగా మారిన కృతి

సినిమా తీసే సంస్థకు సొంత వేదిక లేనంతకాలం తన కృతిని వీలైనన్ని చోట్ల చూపించడమే దానికి లాభం. సొంత వేదిక ఏర్పడిన తరువాత ఆ లెక్క తలకిందులవుతుంది. ఇతరులకు ఇవ్వకపోవడమే వేదికకు చందాదారులను తెచ్చే ఉపాయమవుతుంది. 'ఫ్రెండ్స్' ధారావాహిక 2019 చివరలో అమెరికా నెట్‌ఫ్లిక్స్ నుంచి తప్పుకొని, 2020లో మొదలైన హెచ్‌బీవో మాక్స్‌కు చేరడం, 'ది ఆఫీస్' 2021లో ఎన్‌బీసీ యూనివర్సల్ వారి పీకాక్ వేదికకు వెళ్లడం ఈ మార్పుకు గుర్తులు. ఇక్కడ కృతి అందుబాటులోనే ఉంది, చిరునామా మాత్రమే మారింది.

2022 తరువాత ఇంతకంటె తీవ్రమైన పరిణామం కనిపిస్తుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఏర్పడిన వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ, ఆగస్టులో 'బ్యాట్‌గర్ల్' చిత్రాన్ని విడుదల చేయబోమని ప్రకటించింది. చిత్రీకరణ ముగిసి, సుమారు 9 కోట్ల డాలర్లు ఖర్చయిన సినిమా అది. సంస్థ దీనిని వ్యూహంలో మార్పుగా పేర్కొంది. విలీనం తరువాతి ఖాతాలలో దానిని నష్టంగా చూపి పన్ను ప్రయోజనం పొందే వెసులుబాటు కారణమని పరిశ్రమ పత్రికలు రాశాయి. అదే సంవత్సరం డిసెంబరులో 'వెస్ట్‌వరల్డ్' అనే సొంత ధారావాహికను కూడా హెచ్‌బీవో మాక్స్ నుంచి తొలగించారు. సొంత వేదిక కోసం తీసిన కృతికి ఆ వేదికలోనే చోటు స్థిరం కాదని దీనితో స్పష్టమైంది.

ఈ ఉదంతంలో విమర్శకులు గమనించవలసిన అంశం ఒకటుంది. సినిమా చరిత్రలో నిషేధానికి గురైన చిత్రాలున్నాయి, ఆర్థిక ఇబ్బందులతో ఆగిపోయినవీ ఉన్నాయి. నిషేధంలో కృతి భావంపై ఒక అభ్యంతరం ఉంటుంది కనుక, దానిని వాదంతో ఎదుర్కోవచ్చు. 'బ్యాట్‌గర్ల్' విషయంలో కృతి చెప్పే మాటపై ఎవరికీ పేచీ లేదు. ఖాతా పుస్తకంలో అది ఏ గడిలో ఉండాలన్నదే ప్రశ్న అయింది. అటువంటి నిర్ణయాన్ని కళ పరిభాషలో ఖండించడం కష్టం. 2023లో ఇదే సంస్థ పక్కన పెట్టిన 'కయోటి వర్సెస్ ఆక్మీ' చిత్రం, సినీ కళాకారుల నిరసన తరువాత 2025లో కెచప్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థకు అమ్ముడుపోవడం గమనిస్తే, బహిరంగ చర్చకు కొంత శక్తి ఉందని కూడా అర్థమవుతుంది.

అయితే విలీనాలన్నీ కృతులను మరుగుపరుస్తాయని చెప్పడం సత్యం కాదు. టర్నర్ కూడబెట్టిన చిత్రనిధి ఆధారంగానే 1994లో టర్నర్ క్లాసిక్ మూవీస్ చానల్ మొదలై, పాత సినిమాలను కొత్త తరానికి చేరువ చేసింది. మరోవైపు అదే టర్నర్ నలుపు తెలుపు చిత్రాలకు రంగులు అద్దించినప్పుడు దర్శకులు తీవ్రంగా నిరసించారు. ఆ వివాదం నేపథ్యంలోనే 1988లో అమెరికా జాతీయ చలనచిత్ర పరిరక్షణ చట్టం వచ్చింది. 'సిటిజన్ కేన్' చిత్రానికి మాత్రం 1989లో రంగులు అద్దే ప్రయత్నం ఆగిపోయింది. దర్శకుడు ఆర్సన్ వెల్స్ దశాబ్దాల కిందట ఆర్‌కేవో సంస్థతో చేసుకున్న ఒప్పందంలో కృతిపై అతనికి ఉన్న అధికారమే దానికి కారణం. యాజమాన్యం ఎన్ని చేతులు మారినా, మొదటి ఒప్పందంలోని ఒక నిబంధన కృతి రూపాన్ని కాపాడింది. ఈ అంశం తెలుగు సందర్భానికి కూడా పనికివస్తుంది.

4. భారతీయ సందర్భం: పోటీదారులు ఒక్కటైన వేళ

హెచ్‌బీవో ధారావాహికల భారతదేశ ప్రయాణం విలీనాల ప్రభావాన్ని ఒక చిన్న కాలవ్యవధిలో చూపుతుంది. అవి చాలాకాలం హాట్‌స్టార్‌లో ఉండి, 2023 మార్చి 31తో అక్కడి నుంచి తప్పుకున్నాయి. తరువాతి నెలలో వయాకామ్18 ఒప్పందం చేసుకొని వాటిని జియోసినిమాకు తెచ్చింది. ఒక వేదిక నుంచి మరొక వేదికకు ప్రేక్షకులను రప్పించే ఆయుధంగా అవి ఉపయోగపడ్డాయి. ఐపీఎల్ క్రికెట్ విషయంలోనూ ఇదే జరిగింది. 2022 వేలంలో 2023–27 కాలానికి భారత ఉపఖండపు టెలివిజన్ హక్కులను డిస్నీ స్టార్ 23,575 కోట్ల రూపాయలకు, భారతదేశపు డిజిటల్ హక్కులను వయాకామ్18 20,500 కోట్ల రూపాయలకు దక్కించుకున్నాయి.

2024 నవంబరు 14న స్టార్ ఇండియా, వయాకామ్18ల విలీనం పూర్తయింది. సంయుక్త సంస్థ విలువను 70,352 కోట్ల రూపాయలుగా ప్రకటించారు. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, డిస్నీప్లస్ హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్‌గా మారాయి. పోటీ పడి విడివిడిగా కొన్న టెలివిజన్, డిజిటల్ క్రికెట్ హక్కులు ఒకే సంస్థ చేతికి వచ్చాయి. హాట్‌స్టార్‌ను విడిచిన ధారావాహికలు కూడా తిరిగి అదే పేరుగల గూటికి చేరాయి.

భారత పోటీ కమిషన్ 2024 ఆగస్టులో కొన్ని షరతులతో ఈ విలీనానికి అనుమతి ఇచ్చింది. కొన్ని చానళ్లను వదులుకోవడం ఆ షరతులలో ఒకటి. పోటీ చట్టం పరిశీలించేది ప్రధానంగా మార్కెట్ వాటా, ప్రకటనల ధరలు, వినియోగదారుని ఎంపిక వంటి అంశాలను. విలీన సంస్థ చేతికి వచ్చిన వేల కృతులను చూపించే బాధ్యత, భద్రపరిచే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఆ పరిశీలన పరిధిలోకి రాదు. ఆ ప్రశ్నను సంస్కృతి పక్షాన వేయవలసినది విమర్శకులే.

5. తెలుగు సందర్భం: భాష ఒక హక్కుల విభాగం

తెలుగు వినోద చానళ్లలో ప్రధానమైన నాలుగింటి యాజమాన్య చరిత్రను చూస్తే ఈ విషయం మరింత దగ్గరగా తెలుస్తుంది. మా టీవీ ప్రసార వ్యాపారాన్ని 2015లో స్టార్ ఇండియా తీసుకుంది. తరువాత ఆ చానల్ తనంతట తాను ఏ మార్పూ కోరకుండానే ఫాక్స్ నుంచి డిస్నీకి, డిస్నీ నుంచి జియోస్టార్‌కు చేరింది. ఈటీవీ కుటుంబంలోని కన్నడ, మరాఠీ, బంగ్లా, గుజరాతీ, ఒడియా వినోద చానళ్లు టీవీ18 వర్గానికి వెళ్లి 2015లో కలర్స్ పేరు ధరించగా, తెలుగు ఈటీవీ మాత్రం పాత పేరుతోనే నిలిచింది. జెమినీ చెన్నై కేంద్రంగా ఉన్న సన్ నెట్‌వర్కుకు, జీ తెలుగు ముంబయి కేంద్రంగా ఉన్న జీ సంస్థకు చెందినవి. నాలుగింటిలో మూడింటి విషయంలో తెలుగు సినిమా శాటిలైట్ హక్కుల కొనుగోలుపై తుది నిర్ణయం తెలుగు నేల వెలుపల ఉన్న సంస్థలదే.

ఈ పరిస్థితిలో ఒక తెలుగు సినిమా భాషల వారీగా ఎలా విభజితమవుతుందో 'ఆర్ఆర్ఆర్' తెలియజేస్తుంది. 2022 మార్చి 25న విడుదలైన ఈ చిత్రం మే 20 నుంచి ఓటీటీలో అందుబాటులోకి వచ్చింది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ రూపాలు జీ5లో, హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌లో ప్రసారమయ్యాయి. ప్రపంచవ్యాప్త విస్తృతి ఉన్న వేదికకు చేరినది అనువాద రూపం. నెట్‌ఫ్లిక్స్‌లో ఆ చిత్రాన్ని చూసిన విదేశీ ప్రేక్షకులు విన్నది తెలుగు సంభాషణలను కాదు. 2023 మార్చిలో ఆస్కార్ పురస్కారం పొందినది ఎం.ఎం.కీరవాణి స్వరపరచగా చంద్రబోస్ రాసిన 'నాటు నాటు' పాట. ఆ వేదికలో వినిపించినది దాని హిందీ రూపమైన 'నాచో నాచో'.

ఇక్కడ నిర్మాతను గాని, వేదికలను గాని తప్పుపట్టవలసిన పని లేదు. భాషల వారీగా హక్కులు అమ్మడం వ్యాపారరీత్యా సహజం. అయితే విమర్శ దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. 'నాటు' అన్న పదంలో ఊరితనం, మోటుదనం, స్థానికత కలిసి ఉన్నాయి. నాటు కోడి, నాటు మందు అన్నప్పుడు తెలుగువారికి స్ఫురించే అర్థచ్ఛాయ ఆ పాటకు ప్రాణం. దొరల నృత్యాల ముందు తమ ఊరి ఆటను నిలబెట్టే సన్నివేశానికి ఆ మాటే ఆధారం. హిందీ రూపంలో మిగిలినది ఆడమనే పిలుపు మాత్రమే. ఏ పాఠం ఏ ప్రేక్షకునికి చేరాలన్నది ఇక్కడ అనువాదకుడు నిర్ణయించలేదు, దర్శకుడూ నిర్ణయించలేదు. హక్కుల పట్టికలోని 'భాష' అనే గడి నిర్ణయించింది.

ఆ తెలుగు పాఠం ఉన్న జీ సంస్థ కూడా అప్పట్లో విలీన ప్రయత్నంలోనే ఉంది. సోనీ భారతీయ విభాగంతో 2021 డిసెంబరులో కుదిరిన ఒప్పందం 2024 జనవరి 22న రద్దయింది. అది నెరవేరి ఉంటే జీ తెలుగు, జీ5 వేదికల భవిష్యత్తు వేరొక యాజమాన్యం చేతిలో ఉండేది. తెలుగు సినిమా పాఠాల చిరునామా తెలుగు పరిశ్రమకు సంబంధం లేని చర్చల మీద ఎంతగా ఆధారపడి ఉందో ఇది సూచిస్తుంది.

కొనేవారి సంఖ్య తగ్గడం నిర్మాణం మీద కూడా ప్రభావం చూపుతుంది. ఇద్దరు పోటీ పడే చోట నిర్మాతకు బేరమాడే శక్తి ఉంటుంది. ఒక్కరే మిగిలితే ధర, విడుదల తేదీ, థియేటర్‌కు ఓటీటీకి మధ్య వ్యవధి కొనేవారి మాట ప్రకారం నడుస్తాయి. 2022 ఆగస్టు 1 నుంచి తెలుగు నిర్మాతలు చిత్రీకరణలు నిలిపివేసి జరిపిన చర్చలలో ఈ వ్యవధి ఒక ముఖ్యాంశం కావడం గమనార్హం. పెద్ద తారలు లేని చిన్న సినిమాకు ఈ భారం మరింత ఎక్కువ. దానికి థియేటర్ వసూళ్ల ఆసరా తక్కువ కనుక, కొనేవారు కాదంటే అది డబ్బాలోనే ఉండిపోతుంది. 2020లో తెలుగు కోసమే ఆహా వేదిక మొదలవడానికి ఉన్న ప్రాధాన్యం ఈ కోణంలో చూసినప్పుడు బోధపడుతుంది.

6. చట్టం కల్పించే అవకాశం

భారత కాపీరైట్ చట్టం (1957) ఈ విషయంలో నిస్సహాయంగా లేదు. హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలని, ఏ హక్కు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి అన్నది పేర్కొనాలని 19వ సెక్షన్ చెబుతుంది. కాలం పేర్కొనకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికి పరిమితమైనదిగా భావించాలి. హక్కు పొందినవారు ఏడాదిలోగా దానిని వినియోగించకపోతే బదలాయింపు రద్దయినట్లేనని అదే సెక్షన్ అంటుంది. 2012 సవరణ ప్రకారం, ఒప్పందం నాటికి లేని మాధ్యమాన్ని ఒప్పందంలో ప్రత్యేకంగా ప్రస్తావించకపోతే ఆ హక్కు బదిలీ కాదు.

అయితే వినియోగించని హక్కు రద్దవుతుందన్న నియమానికి 'ఒప్పందంలో వేరుగా పేర్కొనకపోతే' అన్న మినహాయింపు ఉంది. ఒప్పందాన్ని రాసే బలం ఎవరికి ఉంటుందో మినహాయింపు కూడా వారికే ఉపయోగపడుతుంది. నెగెటివ్ హక్కులతో సహా అన్నింటినీ శాశ్వతంగా అమ్ముకునే నిర్మాత, కృతిని చూపించాలన్న బాధ్యతను కొన్నవారిపై పెట్టడం మరచిపోతే, తరువాతి విలీనాలలో ఆ కృతి జాబితాలోని ఒక వరుసగా మిగులుతుంది. వెల్స్ ఒప్పందం నేర్పే పాఠం ఇదే. పుస్తకాలు, పత్రికల ప్రతులను నిర్ణీత గ్రంథాలయాలకు అందజేయాలని 1954 నాటి చట్టం, దాని సవరణ నిర్దేశిస్తాయి. ఓటీటీ కోసమే తీసే ధారావాహికకు సెన్సార్ ధ్రువపత్రం కూడా అవసరం లేదు. వాటి ప్రతులను వేదికకు వెలుపల ఒకచోట భద్రపరిచే ఏర్పాటు పుస్తకానికి ఉన్నట్లు వాటికీ ఉండాలి.

7. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

1. విలీనం కృతి యాజమాన్యాన్ని మాత్రమే కాక, దాని లభ్యతను, ప్రేక్షకునికి చేరే పాఠాన్ని కూడా మార్చగలదు. ఈ మూడింటిని వేరువేరుగా పరిశీలించాలి.

2. తీసేవారు, చూపేవారు ఒక్కరైనప్పుడు కృతిని చూపకపోవడం కూడా లాభసాటి కావచ్చు. నిషేధం కంటె ఇది భిన్నమైన మరుగు.

3. తెలుగు సినిమాకు సంబంధించినంతవరకు 'భాష' హక్కుల విభాగంగా మారడం వల్ల మూలపాఠం కంటె అనువాదపాఠానికి విస్తృతమైన వేదిక దొరికే స్థితి ఏర్పడుతోంది.

4. ఒప్పందంలోని నిబంధనలు కృతిని కాపాడగలవు. ప్రదర్శన బాధ్యత, మూలభాషా రూపానికి తప్పనిసరి చోటు, వినియోగించని హక్కు తిరిగి రావడం అనే మూడు నిబంధనలను నిర్మాతల సంఘాలు ఉమ్మడిగా కోరడం అవసరం.

5. సినిమాపై పరిశోధన చేసేవారు తాము చూసిన రూపం ఏ భాషలోది, ఏ వేదికలోది, ఏ తేదీన చూసినది అన్న వివరాలను, తాళపత్ర ప్రతి సంఖ్యను పేర్కొన్నట్లే పేర్కొనాలి.

చివరి అంశం చిన్నదిగా కనిపించవచ్చు. కాని నేడు ఒక సినిమాపై రాసిన విమర్శను పదేళ్ల తరువాత చదివేవారు, ఆ విమర్శకుడు చూసిన పాఠాన్నే చూడగలరన్న హామీ లేదు. తాళపత్రాలకు చెదల వల్ల, అగ్ని వల్ల ప్రమాదం ఉండేది. అయినా ఒక ఊరిలో నశించిన గ్రంథం మరొక ఊరిలో దొరికేది. ఒకే సంస్థ సర్వరులో ఉన్న కృతికి ఆ రెండో ఊరు లేదు. దానిని కల్పించడం ప్రభుత్వం, పరిశ్రమ, విశ్వవిద్యాలయాల ఉమ్మడి బాధ్యత. ఆ అవసరాన్ని ముందుగా గుర్తించి చెప్పడం విమర్శ బాధ్యత.